.315 పక్కన పెట్టి .30-06 తీసుకోవచ్చా? చిత్తూరు వైపు లైసెన్సుదారులు చెప్పండి

కౌండిన్య_మామిడి | పలమనేరు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా నాయన పేరు మీద ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసిన .315 బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు, అంగుళాల్లో) రైఫిల్ ఒకటి ఉంది. నేను పుట్టకముందు కొన్నది. ఆయనకు డెబ్బై దాటాయి, లైసెన్సు నా పేరుకు మార్చమని అర్జీ పెట్టాం. ఈలోగా తుపాకీ ఎలా ఉందో చూద్దామని రేంజికి తీసుకెళ్ళాం, నాయనే కాల్చారు. యాభై మీటర్లలో ఒక గుండు అట్ట పైఅంచున తగిలితే ఇంకోటి కింద మూలకు పోయింది. తుపాకుల షాపాయన బ్యారెల్లోకి లైటు వేసి చూసి "రైఫిలింగ్ (గుండును తిప్పే లోపలి మెలిక గాళ్ళు) అయిపోయింది, ఇది ఇచ్చేసి .30-06 తీసుకోండి, ఇప్పుడు విషయం తెలిసినవాళ్ళంతా అదే అడుగుతున్నారు" అన్నాడు.

మా చుట్టుపక్కల లైసెన్సు ఉన్నవాళ్ళ ఇళ్ళలో నేను చూసినవి రెండే. చిన్న గుళ్ళు వెదజల్లే పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, లేదంటే .315. థర్టీ నాట్ సిక్స్ (.30-06) ఫోటోల్లో తప్ప చూడలేదు. అలవాటు లేని బోరు కొని తర్వాత తూటాలకు తిప్పలు పడతానేమో అని అనుమానం. మేముండేది మామిడితోట మధ్యలో, ఊరికి దూరంగా. ఇంటి రక్షణ ఒకటి, అప్పుడప్పుడూ రేంజిలో కాల్చుకోవడం ఒకటి, నాకు కావలసింది ఇంతే. తోటల మీదికొచ్చే అడవి ఏనుగుల కోసం అని ఎవరూ అనుకోవద్దు, ముందే చెప్తున్నా.

థర్టీనాట్ | తిరుపతి

అన్నా, కళ్ళు మూసుకుని తీసుకో. నా దగ్గర ఉంది. .315తో పోలిస్తే ఇది వేరే లోకం. లెక్కలు చూడు. .315లో గుండు బరువు 244 గ్రెయిన్లు (దాదాపు 16 గ్రాములు), పొడుగు బ్యారెల్ ఉన్న పాత మిలిటరీ రైఫిల్లోనే సెకనుకు 620 మీటర్ల వేగం. మన స్పోర్టింగ్ రైఫిల్ బ్యారెల్ ఇంకా పొట్టిది, కాబట్టి ఇంకా తక్కువే వస్తుంది. .30-06లో 180 గ్రెయిన్ల గుండు 820 మీటర్లు, 150 గ్రెయిన్లది 880 దాకా పోతుంది. 200 గజాలకు జీరో చేసి (గురి అక్కడ సరిగ్గా తగిలేలా సైటు సరిచేసి) పెడితే 300 గజాల దగ్గర ఎనిమిది అంగుళాల చిల్లర మాత్రమే కిందికి దిగుతుంది. .315 అంత దూరంలో ఎక్కడ దిగుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో మాట. 1906లో అమెరికా సైన్యం పెట్టుకున్న తూటా ఇది. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం చూసింది. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కువ అమ్ముడుపోయే వేట తూటాల్లో ఒకటి. దీన్ని "అలవాటు లేని బోరు" అనేది మన దేశంలోనే.

పాత_హవల్దార్ | చిత్తూరు

తమ్ముడూ థర్టీనాట్, నువ్వు చెప్పిన అంకెలు కరెక్టే. కానీ ఆయన అడిగింది మామిడితోటలో ఇల్లు గురించి. మామిడితోటలో 300 గజాలు ఎక్కడ కనపడతాయయ్యా? నాలుగు వరుసలు దాటితే ఆకులే.

కౌండిన్య గారూ, రైఫిల్ ఏదైనా సరే, గుండు ఆగే చోటు ఎక్కడ అన్నది ముందు చూసుకోవాలి. .30-06 గుండుకు అడ్డం లేకపోతే నాలుగు కిలోమీటర్లు దాటి పోతుంది. .22 తూటాల పెట్టె మీదే మైలున్నర దూరం ప్రమాదం అని రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూడండి. రాత్రిపూట టెన్షన్లో ఎవరో దొంగ అనుకుని కాలిస్తే ఆ గుండు పక్క ఊళ్ళో ఎవరి గోడలోకో పోవచ్చు. పన్నెండు బోరు చిన్న గుళ్ళయితే రెండు మూడు వందల మీటర్లకే నేల మీద రాలిపోతాయి. మన పల్లెల్లో ఆ కాలపోళ్ళు డబుల్ బ్యారెల్ ఎందుకు పెట్టుకున్నారో ఆలోచించండి. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు.

నేను సర్వీసులో త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్ మోశాను, తర్వాత సెవెన్ సిక్స్‌టూ (7.62) మోశాను. రైఫిల్ అంటే నాకూ ఇష్టమే. ఇంటికి మాత్రం అది కాదు.

డాలస్_చంద్రగిరి | అమెరికా

హాయ్. మాది చంద్రగిరి, పదిహేనేళ్ళ పైనే టెక్సాస్‌లో ఉంటున్నా. అసలీ .315 ఏమిటండీ? ఇక్కడ గన్ షాపుల్లో ఏ అరలోనూ చూడలేదు. మా తాతగారి రైఫిల్ మీద కూడా ఆ నంబరే ఉండేదని అమ్మ అంటుంది. నాకు అర్థమైనంతలో మీకు మామూలు బోరు మాకు వింత, మీకు వింతైన .30-06 ఇక్కడ తాతల కాలం నాటి మామూలు బోరు.

ఇప్పుడు ఇక్కడ కుర్రాళ్ళు .30-06 కూడా పాతబడిందంటారు. 6.5 క్రీడ్‌మూర్ కొంటారు. 2007లో హార్నడీ కంపెనీ తెచ్చింది. గుండు సన్నం, పొడుగు, గాలిని బాగా కోస్తుంది. భుజానికి తన్ను కూడా తక్కువ. అక్కడ దొరకదా?

ఇషాపూర్_ఇనుము | తిరుపతి

డాలస్ గారి ప్రశ్నకు కొంచెం పొడుగ్గా జవాబు చెప్పాలి. నాకిష్టమైన సబ్జెక్టు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

.315 అంగుళాలు అంటే 8 మిల్లీమీటర్లు. ఈ తూటా అసలు పేరు 8×50ఆర్ మాన్లిషర్. పుట్టింది 1890 ప్రాంతంలో ఆస్ట్రియా-హంగరీలో, వాళ్ళ సైన్యం కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ స్టెయర్ మాన్లిషర్ రైఫిళ్ళు కాల్చింది దీన్నే. మరి ఎక్కడో వియన్నా సైనికుడి తూటా పలమనేరు మామిడితోటకు ఎలా వచ్చింది?

ఇంగ్లీషువాళ్ళ భయం వల్ల వచ్చింది. 1878 ఆయుధాల చట్టం తెచ్చి ఇండియన్లకు లైసెన్సు తప్పనిసరి చేశారు, తెల్లవాళ్ళకు మినహాయింపు ఇచ్చుకున్నారు. లైసెన్సు ఇచ్చినా ఇంకో భయం మిగిలింది. సైన్యం వాడే తూటా, జనం దగ్గరున్న తుపాకీ ఒకే బోరైతే, మందుగుండు డిపోలో పోయిన పెట్టె నేరుగా తిరుగుబాటు చేసేవాళ్ళకు పనికొస్తుంది. అందుకే సైన్యం బోరు జనానికి ఇవ్వకూడదని పట్టుబట్టారు. 1907 ప్రాంతంలో .450 బోరు రైఫిళ్ళను ఇండియాలోనూ సూడాన్‌లోనూ ఆపేశారు. పెద్ద జంతువుల వేట రైఫిళ్ళు అమ్ముకునే లండన్ కంపెనీలకు వ్యాపారం పోయింది. అప్పుడు వాళ్ళు బోరు కాస్త అటూ ఇటూ జరిపి .465, .470 అని కొత్తవి పుట్టించారు. ఇవాళ లక్షల డాలర్లు పెట్టి కొనే .470 డబుల్ రైఫిల్ పుట్టుక వెనకాల మన దేశపు నిషేధం ఉంది.

.303 కథ కూడా అంతే. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కావాలి, .303 మాత్రం ఇవ్వకూడదు. 8×50ఆర్ తూటాకు కూడా .303కి లాగే కింద అంచు ఉంటుంది, సైజు కూడా దగ్గర దగ్గరే. కాబట్టి అదే రైఫిల్ను పెద్దగా మార్చకుండా దీనికి కుదిర్చేయవచ్చు. ఇంగ్లండ్ బీఎస్ఏ కంపెనీ ఆ పని చేసి .315 అని అమ్మింది. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం కూడా అదే పద్ధతి కొనసాగించింది, ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే రైఫిల్ను చేస్తూ పోయింది.

తమాషా ఏమిటంటే, కన్న దేశం ఆస్ట్రియా 1930లోనే దీన్ని వదిలేసి 8×56ఆర్‌కు మారింది. మనం మాత్రం దీన్ని సాకుతూనే ఉన్నాం. అందుకే మీ టెక్సాస్ షాపులో కనపడదు. సంప్రదాయం కాని బోరు అంటే నిజానికి .315నే అనాలి. అలవాటైపోయి మనకు అలా అనిపించదు.

డాలస్_చంద్రగిరి | అమెరికా

అద్భుతం సార్. ఈ ముక్క మా అమ్మకు చదివి వినిపిస్తాను.

అయితే ఇంకో డౌట్. గుండు అదే సైజు కదా, .308 విన్‌చెస్టర్ ఎందుకు తీసుకోకూడదు? .30-06 కంటే పొట్టి తూటా, తన్ను కూడా కాస్త తక్కువ. ఇంకా, తూటాలు దొరక్కపోతే ఇంట్లో నింపుకోవచ్చు కదా? నేనైతే గరాజ్‌లో ఆ మిషన్ పెట్టుకున్నా.

లాపాయింట్ | చిత్తూరు

డాలస్ గారూ, గరాజ్ మాట ఇక్కడ ఎత్తకండి. మన దగ్గర అది ఆయుధాల చట్టం కింద తయారీ అవుతుంది. మామూలు లైసెన్సుదారుడికి ఆ హక్కు లేదు. తూటా షాపులో కొనాలి, ఎన్ని కొన్నారో లైసెన్సు పుస్తకంలో ఎక్కాలి, అంతే.

.308 సంగతి. 2016 ఆయుధ నియమాల్లో నిషేధిత బోరు అంటే ఏమిటో రాశారు. .303 లేదా 7.62 బోరు బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో గొళ్ళెం లాగి కాల్చే) రైఫిళ్ళు, ఆ సర్వీస్ తూటాలు పట్టి పేలే వేరే ఏ రైఫిలైనా నిషేధితమే. .308 విన్‌చెస్టర్ గదిలో (తూటా కూర్చునే చోట) సైన్యం వాడే 7.62×51 తూటా పడుతుంది, కాబట్టి అది పోయింది. .30-06 బోరు కూడా 7.62 మిల్లీమీటర్లే. కానీ తూటా గొట్టం (కేస్) పొడవు 63 మిల్లీమీటర్లు, గది వేరు, మన సైన్యం సర్వీసు తూటా కాదు. అందుకే అది మామూలు లైసెన్సు మీద వస్తుంది. రెండు రైఫిళ్ళూ ఒకే మందం గుండును కాలుస్తాయి, ఒకటి కలెక్టర్ గారి సంతకంతో దొరుకుతుంది, ఇంకోటి ఢిల్లీలో హోం శాఖ దాకా పోవాలి. నిషేధిత ఆయుధం లైసెన్సు లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ జైలు. బోరు విషయంలో "దాదాపు అదే కదా" అనే మాట ఎవరూ అనకండి.

6.5 క్రీడ్‌మూర్ చట్టం ప్రకారం నిషేధం కాకపోవచ్చు. కానీ మన ఫ్యాక్టరీలు పౌరులకు అమ్మే బోరు కాదు, దిగుమతి గుర్తింపు పొందిన షూటర్లకే. మనలాంటివాళ్ళకు అది పేపర్ మీద బొమ్మ.

కౌండిన్య గారికి రెండు మాటలు. ఒకటి, డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకీ ఇరవై ఐదేళ్ళు తన దగ్గర ఉన్నా, లైసెన్సుదారుడు బతికుండగానే వారసుడికి ఇవ్వొచ్చని 2016 నియమాలు చెప్తున్నాయి. మీ అర్జీ సరైన దారిలోనే ఉంది. రెండు, 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, ఇదివరకు మూడు ఉండేవి. .315 ఇచ్చేయకపోయినా ఇంకొకదానికి మీకు చోటుంది. షాపాయన ఈ మాట ఎందుకు చెప్పలేదో మరి.

కుప్పం_కుర్రోడు | కుప్పం

అన్నా, మాకు చెనక్కాయ చేనులో అడవిపందులు రాత్రికి రాత్రి అర ఎకరా దున్నేస్తున్నాయి. పందికైతే .315 మంచిదా .30-06 మంచిదా? కొంచెం చెప్పండి.

మోడరేటర్

కుప్పం తమ్ముడూ, వేట గురించిన సలహాలు ఈ వేదికలో ఇవ్వం. నీ బాధ అబద్ధమని కాదు.

లాపాయింట్ | చిత్తూరు

మోడరేటర్ గారు చెప్పినదానికి కారణం కూడా తెలియాలి. అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 షెడ్యూల్లో ఉన్న జంతువే. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా కాలిస్తే చేను మీదైనా కేసు మీ మీదే. లైసెన్సు రద్దవుతుంది, రైఫిల్ కూడా పోతుంది. పంట నష్టానికి ఫోటోలు తీసి, రెవెన్యూ వాళ్ళతోనూ అటవీశాఖతోనూ పంచనామా చేయించి పరిహారానికి పెట్టుకో. ఆలస్యమవుతుంది, తెలుసు. కోర్టులో వాయిదాలకు తిరగడం అంతకంటే ఆలస్యం.

పాత_హవల్దార్ | చిత్తూరు

ఇంకొకటి. కౌండిన్య అడవి పక్కన రాత్రిపూట చేలో చప్పుడైతే అది పందో ఏనుగో తెలియదు. ఏనుగు ఉన్నచోట ఏ బోరు తుపాకీ పేల్చినా అది బెదిరి ఎటు పరిగెత్తుతుందో ఎవరికీ తెలియదు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో కుంకీ ఏనుగుల (అడవి ఏనుగులను తరిమే శిక్షణ పొందినవి) క్యాంపు పెట్టింది ఊరికే కాదు. అటవీశాఖ ట్రాకర్లకు ఫోన్ చేయండి, ఇంట్లోంచి బయటకు రాకండి.

ఎస్వీయూ_పెల్లెట్ | తిరుపతి

నేను పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటర్ని. పెద్దవాళ్ళ మధ్యలో ఒక మాట చెప్పొచ్చా?

కౌండిన్య అన్న రెండో అవసరం రేంజిలో కాల్చుకోవడం అన్నారు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. రేంజి కోసమైతే .315, .30-06 రెండూ వద్దని నా అభిప్రాయం. యాభై మీటర్లకు .22 లాంగ్ రైఫిల్ చాలు. నలభై గ్రెయిన్ల గుండు, సెకనుకు 320 మీటర్ల దగ్గర వేగం, తన్ను లేదు, శబ్దం తక్కువ. ఒలింపిక్స్‌లో మూడు పొజిషన్ల పోటీ ఇప్పటికీ దీంతోనే. కొత్తవాళ్ళు .30-06తో మొదలుపెడితే నాలుగైదు గుండ్లకే భుజం కళ్ళకు చెప్పేస్తుంది, ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకుపోతాయి. ఆ దురలవాటు పోగొట్టుకోవడం చాలా కష్టం. మా కోచ్ ఇలాంటివాళ్ళను మళ్ళీ ఎయిర్ రైఫిల్ దగ్గర కూర్చోబెడతారు.

పెద్ద బోరు ఆటే కావాలంటే 300 మీటర్ల రైఫిల్ ఉంది. 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు గానీ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. 8 మిల్లీమీటర్లకు మించని బోరు ఏదైనా వాడొచ్చని రూలు. ఆ లెక్కన మన .315 సరిగ్గా గీత మీద ఉంది! కానీ అక్కడ గెలిచేవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు 6 మిల్లీమీటర్ల బీఆర్ నార్మా అనే తూటా వాడతారు. పాతకాలంలో అందరూ సైన్యం తూటాలే వాడేవాళ్ళు. ఎక్కువ బలం ఉన్నది గెలవలేదు, తక్కువ తన్ని ఒకే చోట పడేది గెలిచింది.

పాత_హవల్దార్ | చిత్తూరు

అమ్మా, నీ మాట అక్షరాలా నిజం. మా రిక్రూట్లలో సగం మందికి సరిగ్గా ఇదే జబ్బు.

ఎస్వీయూ_పెల్లెట్ | తిరుపతి

థాంక్యూ సార్. ఇంకొకటి చెప్పి ఊరుకుంటా. లైసెన్సు గొడవే వద్దనుకుంటే .177 ఎయిర్ రైఫిల్, 20 జౌళ్ళ శక్తి లోపుది తీసుకోవచ్చు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. కానీ ఎయిర్ రైఫిలే కదా అని .22 బోరుది తీసుకుంటే దానికి లైసెన్సు కావాలి. .177 దాటితే చాలు. ఆన్‌లైన్‌లో చూసి కొనేవాళ్ళు ఈ సంగతి తెలియక ఇరుక్కుంటున్నారు.

లాపాయింట్ | చిత్తూరు

బాగా చెప్పావు తల్లీ. రేంజి అంటే గుర్తొచ్చింది. చిత్తూరు వాళ్ళకు చెన్నై రేంజి దగ్గర, కానీ మీ లైసెన్సు మీద ఏరియా ఎంతవరకు అని రాసి ఉందో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే రైఫిల్‌తో నగరి దాటి తమిళనాడులోకి పోగానే మీరు లైసెన్సు లేనివాళ్ళతో సమానం. ముందే అనుమతి తెచ్చుకోవాలి.

బయటి ఊళ్ళ నుంచి ఇటు వచ్చే సభ్యులకూ ఒక మాట. కారులో తుపాకీ పెట్టుకుని, పనిలో పనిగా కొండకు వెళ్ళి దర్శనం చేసుకుందాం అనుకోకండి. లైసెన్సు ఉన్నా సరే, అలిపిరి దగ్గరే ఆగిపోతారు.

ఇషాపూర్_ఇనుము | తిరుపతి

అసలు ప్రశ్నకు వద్దాం. లైటు వేసి చూడగానే "రైఫిలింగ్ అయిపోయింది" అనే మాట నేను అంత తొందరగా నమ్మను. మన లైసెన్సుదారులు ఏడాదికి కాల్చే తూటాలు ఎన్ని? అంత తక్కువ కాల్చిన బ్యారెల్ అరగడం కష్టం. పాడైతే ఎక్కువగా తుప్పు వల్ల, మురికి వల్ల పాడవుతుంది. కాల్చి తుడవకుండా బీరువాలో పెట్టేస్తారు, మన వానాకాలం మిగతా పని చూసుకుంటుంది.

షాపుకు ఇచ్చేముందు ఇవి చూపించండి. బ్యారెల్ కొనలో గుండు బయటికొచ్చే అంచు దెబ్బ తిన్నదా? బీరువాలో తలకిందులుగా పెట్టినవాటికి, ఇనుప కడ్డీ అడ్డదిడ్డంగా దూర్చి తుడిచినవాటికి అక్కడే గీతలు పడతాయి. తర్వాత చెక్క. ఇది లీ ఎన్‌ఫీల్డ్ వంశం. చెక్క ఎండి ముడుచుకున్నా, స్క్రూలు వదులైనా గుండ్లు ఊరంతా తిరుగుతాయి. ఈ రైఫిళ్ళకు ఆ జబ్బు పుట్టుకతోనే ఉంది. ఆ తర్వాత లోపల పేరుకున్న రాగి, సీసం. సరైన ద్రావకంతో రెండు మూడు రోజులు నానబెట్టి తీయాలి, ఒక్క పూటలో పోదు. ఇవన్నీ లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత చేయించండి, మీరు విప్పకండి.

అట్ట మీద రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, తాళంచెవి దూరినట్టు పొడుగ్గా ఉన్నాయా? గుండ్రంగా ఉంటే గుండు సరిగ్గా తిరుగుతోందనే అర్థం, రైఫిలింగ్ ఇంకా పట్టు వదల్లేదు. పొడుగ్గా ఉంటే షాపాయన చెప్పింది నిజమే.

చివరిగా, పెద్దాయన ఏమీ అనుకోకపోతే... డెబ్బై ఏళ్ళ కళ్ళు, ఇనుప సైటు. ఇంకొకరి చేత కూడా కాల్పించి చూశారా?

కౌండిన్య_మామిడి | పలమనేరు

సార్, మీ పోస్టు నాయనకు చదివి వినిపించాను. చివరి లైను దగ్గర ఆయన లేచి వెళ్ళిపోయారు.

అట్ట ఇంట్లోనే ఉంది, చూశాను. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. ఆర్మరర్‌కు చూపించి వచ్చాక మళ్ళీ రాస్తాను.

థర్టీనాట్ | తిరుపతి

అందరూ కలిసి .30-06ని పక్కకు తోసేస్తున్నారు, నేను ఊరుకోను. ఇనుము సార్ చెప్పిన చరిత్రే చూడండి. .315 మంచి తూటా అని ఎవరూ ఎంచుకోలేదు, .303 ఇవ్వకూడదని మన నెత్తిన పెట్టారు. గుండు బరువు, వేగం తక్కువ, దారి వంకర. వందేళ్ళుగా దానికి కొత్త గుండు డిజైన్ ఒక్కటి రాలేదు, ఎందుకంటే ప్రపంచంలో దానికి వేరే గిరాకీ లేదు. మనకు మన ఫ్యాక్టరీ ఏది ఇస్తే అదే. .30-06కి చట్టబద్ధంగా దారి తెరిచి ఉంటే, మళ్ళీ ఆ పాతదాన్నే కాపాడుకోవడం ఏం న్యాయం? తెల్లవాడి భయాన్ని మనం సంప్రదాయం చేసుకున్నాం.

హవల్దార్ సార్ చెప్పిన నాలుగు కిలోమీటర్ల ప్రమాదం ఒప్పుకుంటా. కానీ .315 మాత్రం గుమ్మం దగ్గర ఆగుతుందా? ఆయన పోలిక పన్నెండు బోరుతో, నా పోలిక .315తో.

పాత_హవల్దార్ | చిత్తూరు

ఆ పాయింటు ఒప్పుకోవాల్సిందే. రైఫిల్‌కూ రైఫిల్‌కూ ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

కానీ తూటాల సంగతి నువ్వు దాటేస్తున్నావు తమ్ముడూ. నీ .30-06కి తూటాలు ఎక్కడ కొంటున్నావు? నిజం చెప్పు.

థర్టీనాట్ | తిరుపతి

సార్, అది... హైదరాబాదు నుంచి. స్టాకు వచ్చినప్పుడు ఫోన్ చేస్తారు. ఒక్కోసారి నెలలు పడుతుంది. మన ప్రాంతంలో పన్నెండు బోరు శక్తిమాన్ బ్రాండు తూటాలు దొరికినంత తేలిగ్గా దొరకవు, ఒప్పుకుంటా. .315 కూడా ఉత్తరాది అంత సులువుగా ఇక్కడ దొరకదు, అది కూడా రాయండి.

ఇషాపూర్_ఇనుము | తిరుపతి

నిజం. .315 ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు రాజ్యమేలే బోరు. అక్కడి నాటు కట్టాలు (దొంగచాటుగా చేసే పిస్తోళ్ళు) కూడా ఆ తూటాకే చేస్తారు, పోలీసులు పట్టుకున్న వార్తల్లో తరచూ కనిపించే నంబరు అదే. మన దక్షిణాన డబుల్ బ్యారెల్ ఎక్కువ. థర్టీనాట్ గారి చరిత్ర వాదన నాకు నచ్చింది కూడా. తూటాగా .30-06 మెరుగైనదే, అందులో వాదన లేదు. కానీ 2021లో ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడగొట్టాక రైఫిల్ చేసేది ఒకరు, తూటా చేసేది ఇంకొకరు. పౌరుల ఆర్డర్లు సైన్యం ఆర్డర్ల తర్వాతే. తక్కువమంది కొనే బోరుకు బ్యాచ్ ఎప్పుడు వేస్తారో చెప్పలేం. మన దేశంలో బోరు ఎంచుకునేముందు తూటాల బుక్కు కాదు, షాపు అర చూడాలి.

ఎలక్షన్ సంగతి కూడా మర్చిపోకండి. నోటిఫికేషన్ రాగానే స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయమంటారు. ఎంత ఖరీదైన రైఫిలైనా కొన్ని నెలలు వాళ్ళ గదిలో నిలబడుతుంది. తిరిగి తీసుకునేటప్పుడు బ్యారెల్ లోపల తుప్పు ఉందేమో అక్కడే చూసుకుని సంతకం పెట్టండి.

కౌండిన్య_మామిడి | పలమనేరు

అప్‌డేట్. ఆర్మరర్ చూశారు. ముందు చెక్క స్క్రూ ఒకటి వదులుగా ఉంది, చెక్క ఒక పక్క బ్యారెల్‌ను నొక్కుతోంది. లోపల రాగి పొర బాగా పేరుకుంది. శుభ్రం చేసి, చెక్క సరిచేసి ఇచ్చారు. మళ్ళీ రేంజికి పోయి ఈసారి అక్కడి కోచ్ చేత బల్ల మీద ఆనించి కాల్పించాం. యాభై మీటర్లలో అన్నీ అరచేయంత చోట పడ్డాయి. గొప్ప గురి కాదని కోచ్ అన్నారు, పాత .315కి ఇది తక్కువేం కాదట. తర్వాత నాయన కాల్చారు. ఆయన గుండ్ల గుంపు కోచ్ గుంపు కంటే కొంచెమే పెద్దది. ఇనుము సార్‌కు ఈ మాట తప్పకుండా రాయమన్నారు.

ఇక నిర్ణయం. .315 అమ్మడం లేదు. అర్జీ వెరిఫికేషన్ అయిపోయింది, నా పేరుకు వచ్చాక రెండో చోటు .22కి అడుగుతాను. రేంజికి అదే తీసుకుపోతా. ఇంటి రక్షణకు హవల్దార్ సార్ మాట విని కుక్కలు, లైట్లు, కంచె ముందు చూసుకుంటున్నా. డబుల్ బ్యారెల్ గురించి చాలా ఆలోచించాను. కానీ ఉండేవి రెండు చోట్లే, .22 వదులుకోలేకపోయాను. .30-06 మీద మనసు పోలేదని కాదు. తూటాల కోసం హైదరాబాదు ఫోన్ కోసం ఎదురు చూసే ఓపిక నాకు లేదు.

ఎస్వీయూ_పెల్లెట్ | తిరుపతి

సూపర్ అన్నా. .22 వచ్చాక ఒకేసారి ఒకే బ్యాచ్ తూటాలు తీసుకో. బ్యాచ్ మారితే జీరో కొంచెం మారుతుంది.

థర్టీనాట్ | తిరుపతి

నేను ఇంకా .30-06 అనే అంటాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ థ్రెడ్ చదివేవాళ్ళు .315 ఎందుకు మోశారా అని మనల్ని అడుగుతారు. అయినా మీ ఇష్టం అన్నా. మీరు ఎప్పుడైనా తిరుపతి వస్తే చెప్పండి, రేంజిలో కలుద్దాం. నా లైసెన్సు మీద నా పక్కనే నిలబడి ఒక్కసారి నా రైఫిల్ శబ్దం విందురు గానీ. .22 తూటాలు అక్కడ పెట్టె ఎంతకు ఇస్తున్నారో కూడా రాయండి, నాకూ ఒక .22 పెట్టుకోవాలని ఉంది.

లాపాయింట్ | చిత్తూరు

పక్కన నిలబడటం వరకే. చేతికి ఇచ్చేముందు రేంజి రూల్సు, లైసెన్సు షరతులు ఇద్దరూ చదవండి.